దేవుని దగ్గర కూలి లెక్కలా?

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

అందరికీ వందనాలు. ఈ నెల ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినవాళ్లవి మా మనవరాలు విని కాగితం మీద రాసిపెట్టింది. ఊళ్లు వేరు, కష్టాలు వేరు. కానీ అన్నీ ముందేసుకుని చదివితే అందరూ అడుగుతున్నది ఒకటే అనిపించింది: దేవుడి దగ్గర నా ఖాతాలో ఎంతుంది, ఇంకా ఎంత కట్టాలి? అందుకే ఈసారి కృప గురించిన ఉత్తరాలే ఏరాను. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను పాస్టరమ్మను కాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై పాలమూరులో ఉంటున్నదాన్ని. నేను చెప్పింది మీ పాస్టరుగారు చెప్పినదానితో కలవకపోతే బైబిలు తెరిచి ఇద్దరి మాటా చూడండి. బెరయ ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో వెతికి చూసుకున్నారు, మేమెంత.

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. నాకు యాభై ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగి నడుం వంగిపోయింది. మెడ తిరగదు, మోకాళ్లు ముడవరావు. పెళ్లికి ముందు నుంచే నేను విశ్వాసిని. స్వస్థత కూటాలకు పోతే చేతులుంచి ప్రార్థన చేస్తారు, బాగుకాకపోతే విశ్వాసం చాలలేదంటారు. పోయినసారి ఒకాయన స్టేజీ మీదికి పిలిచి కర్ర పారేసి నడవమన్నాడు. రెండడుగులు వేసి పడ్డాను. ఇంట్లో ఏమన్నా దాచిన పాపం ఉందా అని మైకులోనే అడిగాడు. నా మీద దేవుని కృప లేదా?

జవాబు: అన్నా, ముందు కర్ర సంగతి. ఎవరు చెప్పినా కర్ర వదలొద్దు. మీ ఎముకలున్న స్థితిలో తుంటి విరిగిందంటే మంచం పాలే. ఇది నర్సుగా చెప్తున్న మాట.

మీ మెడ ఎందుకు తిరగదో నేను చెప్పగలను, దానికి దాచిన పాపం వెతకక్కర్లేదు. మీ నేల కిందున్న గ్రానైటు రాళ్లలో నుంచి ఫ్లోరైడ్ భూగర్భ నీళ్లలోకి దిగుతుంది. తాగేనీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా గట్టిపడి ఎముకలాగే అయిపోతాయి. వార్డులో మీ వైపు నుంచి వచ్చినవాళ్లను వెనక నుంచి పిలిస్తే తల తిప్పేవాళ్లు కాదు. పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ఒళ్లంతా మన వైపు తిప్పేవాళ్లు. తల వెనక్కి వాలదు గనక గ్లాసెత్తి తాగలేరు, స్ట్రా పెట్టేవాళ్లం. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఒకే బోరునీళ్లు తాగిన ఊళ్లో పూజారి పిల్లల పళ్లూ పాస్టరు పిల్లల పళ్లూ ఒకే రంగు. నీళ్ల కష్టం మనది ఎంత పాతదంటే, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరు వేరే దేశాల పుస్తకాల్లో కూడా ఉంటుంది.

మైకులో మిమ్మల్ని అడిగిన ప్రశ్న కొత్తదేం కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అదే అడిగారు: పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవాళ్లా? యేసు చెప్పిన జవాబు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు." లూకా పదమూడులో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా, కాదని చెప్తున్నానన్నాడాయన. ఇంత స్పష్టంగా రెండుసార్లు చెప్పినా, నీళ్లలో వచ్చిన జబ్బును మనిషి మీదికి తోసేవాళ్లు మనలోనే ఉన్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫ్లోరైడ్‌తో బిగుసుకున్న నడుము ఎలాగూ నొప్పిగా ఉంది. దాని మీద ఈ నింద కూడా మోయమంటే ఎట్లా?

విశ్వాసం చాలలేదంటారా? పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకుపోతే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. అంతే, ఒక్క ముక్క. త్రోఫిముకు విశ్వాసం లేదని రాయలేదు, తన ప్రార్థనలో బలం తగ్గిందనీ రాయలేదు. తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బుకు కూడా మందు చెప్పాడే గానీ, కూటానికి రమ్మనలేదు.

ఇక పౌలు సొంత సంగతి. శరీరంలో ముల్లు అన్నాడు, అదేం జబ్బో చెప్పలేదు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు, "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." చూడండి, ముల్లు ఉండగానే కృప ఉందన్నాడు. ముల్లు పోవడమే కృపకు గుర్తు అయితే పౌలుకు కృప లేనట్టే. కాకపోతే ఒకటి, ఈ మాట పౌలుతో ప్రభువు చెప్పాడు, పక్కింటివాళ్లు చెప్పలేదు. కష్టంలో ఉన్నవాడి నోరు మూయించడానికి ఈ వచనం వాడేవాళ్లను చూశాను. మీరు నొప్పిగా ఉందని చెప్పుకోండి, బాగుచేయమని అడుగుతూనే ఉండండి. మూడుసార్లతో ఆపాలని ఎక్కడా లేదు. బాగుచేసే శక్తి ఆయనకు ఉందని నేనూ నమ్ముతాను. బాగుకాని రోజు కూడా మీరు ఆయన బిడ్డే.

మోకాళ్లు వంగవని బాధపడ్డారు కదా. లూకా పద్దెనిమిదిలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, దూరంగా నిలబడే ప్రార్థన చేశాడు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నది నిలబడే. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది ఆయనే. మీరు కర్ర పట్టుకుని నిలబడండి, లేదా కుర్చీలో కూర్చోండి.

ఇంకో రెండు మాటలు. తాగడానికే కాదు, వంటకు కూడా నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే వాడండి. బోరునీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరనుకుంటారు. పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. వికలాంగుల సర్టిఫికెట్ లేకపోతే క్యాంపు పెట్టినప్పుడు వెళ్లి చేయించుకోండి, పింఛనుకు అదే ఆధారం. నొప్పికి దుకాణంలో గోలీలు కొని ఏళ్ల తరబడి మింగొద్దు, కిడ్నీలు పోతాయి. డాక్టరుకు చూపించుకుని వాడండి. మీ సంఘ పెద్దలు ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: చేతులున్న మంచి కుర్చీ ఒకటి ముందు వరసలో వేయించండి. ప్లాస్టిక్ స్టూల్ కాదు.

ప్రశ్న: దశమభాగం, అంటే చర్చికిచ్చే పదో వంతు, చేతికొచ్చిన జీతం మీద లెక్క కట్టాలా, కటింగులకు ముందున్న జీతం మీదా? పీఎఫ్, ఇంటి లోను పోతే మిగిలేది తక్కువ. (ఒక టీచరు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, సణుక్కోకుండా, బలవంతం లేకుండా, ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకున్నట్టు ఇవ్వాలని రెండో కొరింథీ తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పేస్లిప్‌లో ఏ గడి అని లేదు. పుదీనాలో, సోంపులో, జీలకర్రలో కూడా పదో వంతు తూకం వేసి ఇచ్చినవాళ్లతో యేసు ఏమన్నాడో మత్తయి ఇరవైమూడులో చూడండి. లోను తీరేదాకా తక్కువిస్తే దేవుడు కృప కట్ చేయడు. మీ కింద పనిచేసే స్వీపరమ్మకు పండక్కి ఏమిచ్చారో మాత్రం ఒకసారి గుర్తు చేసుకోండి. అడిగారు కాబట్టి చెప్తున్నా.

ప్రశ్న: వందనాలు అక్కా. మాది మక్తల్ దగ్గర పల్లె. నాన్న పోయాక ఇల్లూ చర్చీ రెండూ నేనే చూసుకున్నాను. చర్చి తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది. ఊడవడం, చాపలు పరవడం, మైకుసెట్టు, క్రిస్మస్ చందాలు అన్నీ నావే. తమ్ముడు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పోయాడు. తాగుడు, పేకాట. అమ్మ పోతే మట్టికి కూడా రాలేదు. ఇప్పుడు ఒళ్లు చెడి తిరిగొచ్చాడు, మారుమనస్సు పొందానన్నాడు. బాప్తిస్మం ఇచ్చారు. ప్రతి ఆదివారం వాడి సాక్ష్యమే. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఇప్పుడు వాడికి సంఘం లెక్కలు కూడా అప్పజెప్తారట. తప్పిపోనివాడికి సాక్ష్యం లేదు, సన్మానం లేదు. ఇదేం న్యాయం?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ కోపం నాకు అర్థమైంది. చాపలు పరిచేవాణ్ణి ఎవరూ స్టేజీ మీదికి పిలవరు, అది నిజమే. కానీ నీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటిని విడదీద్దాం.

మొదటిది, దేవుడు వాణ్ణి క్షమించాడా, నీతో సమానంగా కూర్చోబెట్టాడా? కూర్చోబెట్టాడు. నీకు నచ్చినా నచ్చకపోయినా అంతే. మత్తయి ఇరవైలో యేసు చెప్పిన కథ మన పాలమూరువాళ్ల కోసమే చెప్పినట్టుంటుంది. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే అడ్డా మీదికి పోయి రోజుకు ఒక దేనారమని ఒప్పుకుని కూలీలను తెస్తాడు. దేనారమంటే అప్పటి ఒకరోజు కూలి. తొమ్మిది గంటలకు, పన్నెండుకు, మూడింటికి, మళ్లీ సాయంత్రం ఐదింటికి పోయి ఇంకొందరిని తెస్తాడు. ఐదింటిదాకా అడ్డా మీద మిగిలేది ఎవరో నీకు తెలుసు. మన పట్నంలోనూ పొద్దున టిఫిన్ డబ్బాలతో నిలబడ్డవాళ్లలో కండపుష్టి ఉన్నవాళ్లు ముందు ట్రాలీ ఎక్కుతారు. ఎండ ఎక్కేసరికి మిగిలేది ముసలివాళ్లు, దగ్గేవాళ్లు, నిన్న తాగి వచ్చాడని మేస్త్రీకి తెలిసినవాళ్లు. పగలంతా ఎందుకు ఊరికే నిలబడ్డారంటే వాళ్లు చెప్పింది, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." 

పొద్దుగూకింది. ఏనాటి కూలి ఆనాడే సూర్యుడు అస్తమించకముందు ఇవ్వాలని ద్వితీయోపదేశకాండంలో ధర్మశాస్త్రం ఉంది, యజమాని అదే చేశాడు. కానీ చివర వచ్చినవాళ్లను ముందు పిలిచాడు. పొద్దున వచ్చినవాళ్లకు ముందిచ్చి పంపేస్తే గొడవే ఉండేది కాదు, వాళ్లు దేనారం జేబులో వేసుకుని పోయేవాళ్లు. కావాలనే వాళ్లను నిలబెట్టి చూపించాడు. గంటసేపు చేసినవాడి చేతిలో దేనారం పడింది. మనకెంతొస్తుందో అని వీళ్లు వేళ్ల మీద లెక్క కట్టుకున్నారు. వీళ్లకూ దేనారమే. పగలంతా ఎండబాధ సహించిన మాతో వీళ్లను సమానం చేశావేమని సణిగారు. ఆయన ఒకణ్ణి పట్టుకుని అడిగింది, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?"

పత్తి ఏరే రోజుల్లో చూసే ఉంటావు. కిలోకింత అని కూలి. సాయంత్రం వేపచెట్టుకు కాంటా కట్టి సంచులు తగిలిస్తారు. పత్తికాయల మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లు చీరుకుపోయి ఉంటాయి, అయినా అందరి కళ్లూ పక్కదాని సంచి మీదే. ఎవరెన్ని కిలోలు, ఎవరు తడిపత్తి కలిపారు, ఎవరి సంచి అడుగున పచ్చికాయలున్నాయి. నువ్వు నీ తమ్ముడి సంచి కాంటాకు తగిలించి చూస్తున్నావు. దేవుడు ఆ కాంటా పక్కన పెట్టాడు. నీ సంచి కూడా తూకం వేయలేదు, అది మరిచిపోకు. మనం మంచివాళ్లమనుకున్న రోజుల్లో మనసులో ఏమేం తిరిగిందో తూకం వేస్తే నీకూ నాకూ ఆ దేనారం మిగలదు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని పౌలు ఎఫెసీయులకు రాసింది తాగుబోతుల కోసం మాత్రమే కాదు, తాళంచెవులు మోసేవాళ్ల కోసం కూడా. ఆ వెంటనే, ఎవడూ అతిశయపడ వీలులేదనీ ఉంది.

తప్పిపోనివాడికి ఏం మిగిలిందన్నావు. తప్పిపోయిన కుమారుడి కథలో, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే పెద్దకొడుకు కూడా అదే అడిగాడు, నాకు మేకపిల్లనైనా ఇవ్వలేదని. తండ్రి చెప్పింది, "నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి." నీ తమ్ముడు బొంబాయిలో ఫుట్‌పాత్ మీద పడుకున్న రాత్రుల్లో నువ్వు మీ అమ్మ పక్కన ఉన్నావు. ఆమె చివరి మాట విన్నది నువ్వు. వాడు సాక్ష్యంలో ఎంత ఏడ్చినా అది వాడికి దొరకదు.

ఇక రెండో సంగతి, లెక్కలు అప్పజెప్పడం. ఇక్కడ నేను పూర్తిగా నీ పక్షం. క్షమించడం వేరు, డబ్బుసంచి చేతికివ్వడం వేరు. సంఘానికి పెద్దగా ఉండేవాడు కొత్తగా చేరినవాడై ఉండకూడదని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోనే ఉంది. గర్వపడి పడిపోతాడేమోనని అక్కడే కారణం కూడా చెప్పాడు. పేకాట మానిన మనిషి ముందు చందాల డబ్బా పెట్టడం వాడికి మేలు కాదు. ఈ మాట పెద్దలతో కూర్చుని చెప్పు. కాకపోతే వాడి వెనకాల చెప్పకు, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. అంతవరకు వాడికి చాపలు పరిచే పని ఇవ్వు. ఇద్దరూ కలిసి పరవండి. ఒళ్లు చెడిందన్నావు, ఆసుపత్రికి తీసుకుపోయావా? దాని గురించి ఉత్తరంలో ఏమీ రాయలేదు.

ప్రశ్న: ఆంటీ, నేను మిర్యాలగూడలో డిగ్రీ సెకండియర్. ఫోన్‌లో బెట్టింగ్‌కి అలవాటు పడ్డాను. అమ్మ పొదుపు సంఘంలో లోన్ తీసుకుని నా ఫీజు కోసం పెట్టిన డబ్బు పోగొట్టాను. ప్రతి రాత్రి ఏడ్చి ప్రార్థన చేస్తాను, దేవుడు క్షమించాడని శాంతి వస్తుంది. రెండు రోజులకు మళ్లీ ఆడతాను. మా యూత్ మీటింగ్‌లో కృప అంటే ఎన్నిసార్లైనా క్షమాపణ అన్నారు. అమ్మకు ఇంకా తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, నీ టెన్షనే నీకున్న మంచి లక్షణం, అది పోగొట్టుకోకు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని రోమా ఆరులో పౌలే అడిగి, "అట్లనరాదు" అని తనే కొట్టేశాడు. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో కృప మనకు బోధిస్తుందని ఉంది: భక్తిహీనతనూ లోకసంబంధమైన దురాశలనూ వదిలి స్వస్థబుద్ధితో బతకాలని. రాత్రి ఏడిపించి పొద్దున వదిలేసేది కృప కాదు బాబూ, అది అలసట.

లూకా పంతొమ్మిదిలో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడు. యేసు అతను ఎక్కిన చెట్టు కింద ఆగి, నేడు నీ ఇంట ఉండాలి అన్నప్పటికి జక్కయ్య ఒక్క పైసా తిరిగివ్వలేదు. ఆయన ఇంటికి వచ్చాక లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. యేసు ముందు రేటు మాట్లాడలేదు, జక్కయ్యా డబ్బిచ్చి ఆయనను పిలవలేదు. కానీ ఆయన ఇంట్లోకి వచ్చాక పాత లెక్కల పుస్తకం మూసి ఉంచలేకపోయాడు. నీ పుస్తకం ఇంకా మూసే ఉంది. దేవుడికి చెప్పావు, అమ్మకు చెప్పలేదు. డబ్బు పోయింది అమ్మది.

ఈ పత్రిక చేతికొచ్చిన రోజే చెప్పు. ఒక్కడివీ చెప్పలేకపోతే మేనమామనో పాస్టరుగారినో పక్కన పెట్టుకుని చెప్పు. తిడుతుంది, రెండు తగిలిస్తుందేమో కూడా. సంఘంలో కిస్తీ ఆగితే మిగతా ఆడవాళ్లు ఆమెనే నిలదీస్తారు, అది నువ్వు ఊహించుకోవాలి. సెలవుల్లో పని చూసుకో. మీ ఊళ్లో రైస్ మిల్లులకేం తక్కువ లేదు. నెలకు ఎంత వస్తే అంత అమ్మ చేతిలో పెట్టు. ఫోన్‌లో యాప్ తీసేయడం చాలదు, డబ్బు పోయే ఖాతా అమ్మ నంబరుకు మార్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన రాష్ట్రంలో 2017 నుంచే నిషేధం, అదీ గుర్తుంచుకో. రాత్రిళ్లు చచ్చిపోవాలన్నంత దిగులు వస్తే దాచొద్దు, టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనే మాట్లాడతారు. మళ్లీ జారితే? మళ్లీ లే, మళ్లీ అమ్మకు చెప్పు. యూత్ మీటింగ్‌లో చెప్పింది తప్పు కాదు, సగం చెప్పి ఆపారు.

ప్రశ్న: మేం కల్వకుర్తిలో ఉంటాం. సద్దుల బతుకమ్మ రోజు పక్కింటి వదిన సత్తుపిండి, మలీద తెచ్చిస్తుంది. తింటే పాపమా? వద్దంటే ఆమె బాధపడుతుంది. క్రిస్మస్‌కు మా ఇంటి కేకు, బిర్యానీ ఆమె సంతోషంగా తీసుకుంటుంది.

జవాబు: మొదటి కొరింథీ ఎనిమిది, పది అధ్యాయాలు నెమ్మదిగా చదువు చెల్లీ. పౌలు రోజుల్లో ఇదే పెద్ద తగువు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లు, వడ్డించినదాని గురించి ఆరా తీయకుండా తిను అన్నాడు. ఇది విగ్రహానికి అర్పించింది అని ఎవరైనా ఎత్తిచూపితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం ఆగమన్నాడు. భోజనం మనల్ని దేవుడికి దగ్గర చేయదు, తినకపోతే తక్కువా కాము, తింటే ఎక్కువా కాము అని కూడా అన్నాడు. కాబట్టి ఆమె పొరుగు మనిషిగా తెస్తే గిన్నె రెండు చేతులా తీసుకో. పూజలో పెట్టిందని ఆమే చెప్పి ఇస్తే, నీ మనసు ఒప్పకపోతే, నవ్వుతూ చెప్పు, వదిన అర్థం చేసుకుంటుంది. తినేవాళ్లు తిననివాళ్లను, తిననివాళ్లు తినేవాళ్లను తీర్పు తీర్చొద్దని రోమా పద్నాలుగులో ఉంది. ఆ గిన్నె మాత్రం ఖాళీగా తిరిగివ్వకు, అది మన పద్ధతి కాదు.

ప్రశ్న: అక్కా, మాది కొల్లాపూర్. పొలం పంచుకునేటప్పుడు గట్టు దగ్గర మా తోటికోడలికీ నాకూ మాటామాటా పెరిగింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఇద్దరం ఒకే చర్చి. అయోగ్యంగా ప్రభువు బల్లలో చేయి వేస్తే శిక్ష అని విన్నాను, అందుకే ఏడేళ్లుగా రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు. బల్ల మొదలుకాగానే లేచి బయటికి పోతాను. నేను యోగ్యురాలిని ఎప్పుడవుతాను?

జవాబు: చెల్లీ, ఎప్పటికీ కావు. నేనూ కాను. బల్ల దగ్గర రొట్టె విరిచే పాస్టరుగారూ కారు.

నువ్వు విన్న మాట మొదటి కొరింథీ పదకొండులోది. అది ఎవరికి రాశాడో పై వచనాల్లో ఉంది. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసి మత్తుగా ఉండేవాళ్లు. పేదవాళ్లు వచ్చేసరికి ఏమీ మిగలదు, ఆకలితో కూర్చునేవాళ్లు. పేదలను సిగ్గుపరుస్తారా అని పౌలు గద్దించాడు. అంటే బల్లను పాడుచేసింది ఏడుస్తూ వచ్చిన పాపులు కాదు, పక్కవాణ్ణి మనిషిగా చూడనివాళ్లు. మన తాతల కాలంలో ఊరి హోటల్లో మనకు గ్లాసు వేరే. తాగి, కడిగి, బయట గూట్లో బోర్లించాలి. అలాంటి ఊళ్లో ప్రభువు బల్ల దగ్గర ఒక్క గిన్నెలో నుంచి అందరూ తాగారంటే, అది చూసినవాళ్లకు ఎంత వింతగా ఉండి ఉంటుందో. మా నాయనమ్మ ఆ గిన్నె తుడిచే గుడ్డ వేరే దండెం మీద ఆరేసేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఇంకోటి చూడు. తన్ను తాను పరీక్షించుకుని దూరంగా ఉండాలని పౌలు రాయలేదు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని రాశాడు. పరీక్ష తర్వాత తినడమే. నువ్వు ఏడేళ్లుగా పరీక్ష రాస్తూనే ఉన్నావు, అన్నం దగ్గరికి రావడం లేదు.

తోటికోడలి సంగతి మాత్రం వదలను. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే పెట్టి, ముందు వెళ్లి సమాధానపడమని కొండమీద ప్రసంగంలో ఉంది. తప్పెవరిదో నువ్వు రాయలేదు, నేనూ అడగను. ఈ వారంలో ఒకరోజు ఆమె ఇంటికి పో. పిల్లలను వెంట తీసుకుపో, మగవాళ్లను వద్దు, వాళ్లొస్తే మళ్లీ గట్టు దగ్గరే మొదలవుతుంది. ఆమె తలుపు తీయకపోవచ్చు. నీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమన్నాడు పౌలు, ఆమె చేతనైనంత అని అనలేదు. నువ్వు వెళ్లొస్తే నీ వంతు అయింది, ఆ ఆదివారం లేచి బయటికి పోకుండా కూర్చో. సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతేదాకా ఆగుతానంటే మాత్రం, ఆయన ఎప్పుడొస్తాడో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ బల్ల మొదటి ఆదివారం కదా, అది వచ్చే వారమే.